పోయిన వారమే బిగించారు

మొన్న శనివారం పొద్దున, స్కూలు గ్రౌండు గేటు దగ్గర నిలబడి, నా కూతురి నోటి గురించి నేనొక అబద్ధం చెప్పాను. ముందే అనుకొని చెప్పింది కాదు. అడగ్గానే వచ్చేసింది. ఆలోచించి చెప్పుంటే ఆ ఒక్కసారికి బుద్ధి గడ్డి తిన్నదని సర్దుకొనేవాణ్ణి. ఆలోచించకుండానే వచ్చిందంటే అది నాలో ఎప్పటి నుంచో కాపురం ఉన్నట్టే.

నా కూతురు తొమ్మిదో తరగతి. పోయిన ఎండాకాలం నుంచి పళ్ళకు క్లిప్పులు ఉన్నాయి. పైవరుసలో రెండు కోరపళ్ళు ముందుకు పొడుచుకొచ్చి, నవ్వినప్పుడు పెదవి వాటి మీద ఆగిపోయేది. క్లిప్పులు వేయించమని తనే అడిగింది. నెలకోసారి క్లినిక్‌కు వెళ్ళడం, డాక్టరు వైరు మార్చడమో బిగించడమో చేయడం, ఆ తర్వాత రెండు మూడు రోజులు ఇంట్లో అందరం మెత్తటి తిండి తినడం మాకు మామూలైపోయింది. మాది హిందూపురం వైపు. రాగి సంగటి మా ఇంట్లో ఎవరూ నమలరు, ముద్ద చేసి పప్పులో ముంచి మింగేస్తారు. బెంగళూరులో పుట్టిన పిల్ల చిన్నప్పుడు దాన్ని చూస్తే ముఖం తిప్పుకొనేది. క్లిప్పులు వేశాక తనే అడిగి చేయించుకొనేది.

ఆ నొప్పి ఎలా ఉంటుందని ఒకసారి అడిగాను. అప్పట్లో ఇంకా నాకు అన్నీ చెప్పేది.

"బస్సులో సీటు కోసం తోసుకుంటారు చూడు నాన్నా, పళ్ళన్నీ అట్లా తోసుకుంటా ఉంటాయి. ఊరికే కూర్చుంటే పరవాలేదు. పరిగెత్తితేనే."

"పరిగెత్తేది కాళ్ళతో కదా?"

"కాలు నేల మీద పడినప్పుడల్లా కింది పళ్ళు పైవాటికి కొట్టుకుంటాయి. నోరు తెరిచి పరిగెత్తితే గాలి తగిలి జివ్వుమంటుంది. మూస్తే కొట్టుకుంటాయి. ఏది చేసినా ఏదో ఒకటి."

నేను నవ్వాను. తనూ నవ్వింది. అప్పుడు అది తమాషాగానే ఉండింది.

తను ఖోఖో ఆడుతుంది. తెలియని వాళ్ళకోసం చెప్తున్నాను. రెండు స్తంభాల మధ్య ఒక వరుసలో పిల్లలు గొంతుకూర్చొని ఉంటారు. వాళ్ళలో ఒకరు లేచి అవతలి జట్టువాళ్ళను తరుముతారు, అలిసిపోయినా, దారి తప్పినా, కూర్చున్న మరొకరి వీపు తట్టి "ఖో" అంటారు, అప్పుడు వాళ్ళు లేచి తరుముతారు. నా కూతురు తరమడంలో గట్టి. స్తంభం దగ్గర ఒక చేత్తో దాన్ని పట్టుకొని, ఒళ్ళంతా అవతలికి విసిరి, రెండో చేత్తో పారిపోయేవాళ్ళను తాకుతుంది. అందకపోతే నేల మీదికే దూకుతుంది. గడ్డం, మోచేతులు, మోకాళ్ళు అన్నీ మట్టిలో ఈడ్చుకుపోతాయి. ఆ దూకుడు కోసమే స్కూలు జట్టులో తన పేరు వినపడేది. ఈసారి జోన్ పోటీలకు వెళ్ళే జట్టును శనివారం ఎంపిక చేస్తారన్నారు. తను రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నది దానికోసమే.

తప్పు శనివారం మొదలు కాలేదు. వైరు బిగించాల్సిన తేదీ అంతకుముందు వారమే ఉండింది. అప్పుడే అయిపోయి ఉంటే ఎంపిక నాటికి నొప్పి పూర్తిగా తగ్గిపోయేది. ఆ రోజు అమావాస్య. మా అమ్మ ఫోన్‌లో మాటల మధ్య విని, "అమావాస్య పూట నోట్లో ఇనుము ముట్టిస్తారా ఎవరైనా? ఇంగో రోజు పోండి," అంది. నాకు అమావాస్యల మీద నమ్మకం లేదు. అమ్మ చెప్పినవాటిలో సగం ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తాను. కానీ ఆ రోజు ఎలక్ట్రానిక్ సిటీలో మా ఆఫీసులో పెద్ద పని ఒకటి పూర్తిచేసి పంపేయాలి. సాయంత్రం తొందరగా బయలుదేరతానని మేనేజరును అడగాలి. అడగడం నాకు ఇష్టంలేదు. అమ్మ మాట సమయానికి దొరికింది. క్లినిక్‌కు ఫోన్ చేసి, మా ఇంట్లో అమావాస్య పట్టింపు ఉందని, మరో రోజు ఇమ్మని అడిగాను.

ఫోన్ తీసిన ఆమె తమిళావిడ, తెలుగు బాగానే మాట్లాడుతుంది.

"అమావాస్య మాకు మంచి రోజు సార్. మా ఊర్లో ఆ రోజే కొత్త బండి తీస్తారు."

"మాకు కాదమ్మా."

"సరే సార్, మీ పళ్ళు మీ అమావాస్య," అని నవ్వి, వచ్చే శుక్రవారం సాయంత్రం తప్ప ఖాళీ లేదంది.

నా భార్య ఆ మాట వినగానే లెక్క వేసింది. "సెలెక్షన్‌కు ముందు రోజు పడుతుంది, చూసుకో."

"ఒక రాత్రి నిద్రపోతే తగ్గుతుందిలే."

"తగ్గేది నీకు కాదు కదా."

అమ్మ మాట తీసేయలేక మార్చానని పాపతో అన్నాను. తను నానమ్మను ఏమీ అనలేక సరేనంది. అలా తప్పు నాది, పేరు మా అమ్మది అయింది.

శుక్రవారం సాయంత్రం బెళ్ళందూరులో మా ఇంటికి దగ్గరే ఉన్న ఆ క్లినిక్‌కు చేరుకోవడానికే ట్రాఫిక్‌లో ప్రాణం పోయింది. పాప కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచింది. డాక్టరు పాత వైరు తీసేసి, మరికాస్త మందంగా ఉన్నది చేతిలో పట్టుకొని, రేపేమైనా ఆట ఉందా అని నన్నడిగింది. ఎంపిక సంగతి చెప్పాను.

"ఆడకూడదని నేను ఎప్పుడూ చెప్పను," అంది ఆమె. "పళ్ళకు తొడుగు పెట్టుకొని ఆడుకోవచ్చు. కానీ ఈ వైరు వేస్తే రెండు మూడు రోజులు బాగా నొప్పి ఉంటుంది, తొడుగు కూడా సరిగా ఎక్కదు. కింద పడే ఆట అంటున్నారు. కావాలంటే పాత వైరే మళ్ళీ పెట్టేస్తాను. వచ్చే వారం రండి."

నా కూతురు నోరు తెరిచే ఉంది. పెదవులను పక్కకు లాగిపట్టే ప్లాస్టిక్ పరికరం నోట్లో ఉంది. మాట్లాడలేదు. కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది. ఆ చూపు నేను చూశాను. వచ్చే వారం మళ్ళీ ఈ ట్రాఫిక్, మళ్ళీ మేనేజరు, మళ్ళీ ఆ మొహమాటం అనుకున్నాను.

"పరవాలేదు డాక్టర్. వేసేయండి. తను ఓర్చుకుంటుంది."

తెరిచిన నోటికి పైన నిలబడి, ఆ నోటి తరఫున నేను చెప్పిన మాట అది.

శనివారం తెల్లవారాక పాలలో నానబెట్టిన బ్రెడ్డు కూడా తినలేక పక్కకు నెట్టింది. పళ్ళ తొడుగు పెట్టుకోబోయి, సగం ఎక్కించి, కళ్ళలో నీళ్ళు తిరిగి తీసేసింది.

"నాన్నా, ఈరోజు కష్టమేమో. మేడంకు చెప్దామా?"

మేడం అంటే వాళ్ళ ఆటల టీచరు. ఆమె నాలుగు రోజుల క్రితమే తల్లిదండ్రుల గ్రూపులో రాసింది. జ్వరంగానీ దెబ్బగానీ ఉన్న పిల్లలు, పళ్ళ వైరు కొత్తగా బిగించుకొన్న పిల్లలు శనివారం ఆడనక్కరలేదు, వాళ్ళను మరుసటి వారం విడిగా చూస్తాను అని. అది నేను చదివాను. చదివి, విడిగా చూడడమంటే మిగిలిపోయినవాళ్ళలో చూడడమే అనుకున్నాను. ఆఫీసులో పక్క సీటు అతనికి, ఊళ్ళో మా తమ్ముడికి, మా అమ్మకు, మా అపార్టుమెంటు లిఫ్టులో కలిసినవాళ్ళకు కూడా నా కూతురు జోన్ జట్టులో ఆడబోతుందని ముందే చెప్పేసి ఉన్నాను. అడగనివాళ్ళకు కూడా.

"కొత్తేముంది, ప్రతి నెలా ఉండే నొప్పే కదా," అన్నాను. "ఒళ్ళు వెచ్చబడితే తగ్గుతుంది. ఆటలోకి దిగితే గుర్తుండదు."

ఈ సలహా ఇచ్చిన మనిషి గురించి ఒక మాట చెప్పాలి. పోయిన సంవత్సరం అపార్టుమెంటులో ఆదివారాలు షటిల్ ఆడుతూ ఉండేవాణ్ణి. ఒకరోజు మోకాలు పట్టేసింది. పెద్ద దెబ్బేమీ కాదు. దానికి నెల దాటి ఆట మానేశాను, లిఫ్టు కోసం ఎదురుచూస్తూ నిలబడడానికి కూడా మూలిగాను. నా భార్య వేడినీళ్ళ సంచి పెట్టింది. నా కూతురు నా చెప్పులు గుమ్మం దాకా తెచ్చి ఇచ్చేది. ఆడితే గుర్తుండదని వాళ్ళిద్దరిలో ఎవరూ నాతో అనలేదు.

గ్రౌండు గేటు దగ్గర మేడం నిలబడి ఉంది. మూడు తరాల కిందట బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళ ఇంటిపిల్ల, యాభై దాటిన మనిషి. మెడలో విజిల్, చేతిలో తాళాలగుత్తి. ఒక్కొక్క పిల్లను ఆపి, వెంట వచ్చినవాళ్ళను అడిగి, లోపలికి పంపుతోంది. నా కూతురిని చూసి గడ్డం పట్టుకొని పైకెత్తింది.

"ఏం సార్, పాప ముఖం ఎందుకో వాడిపోయుండాది. వైరు ఎప్పుడు బిగించినారు?"

"పోయిన వారమే బిగించారు మేడం. ఇప్పుడు నొప్పేం లేదు."

అంతే. మా ఆఫీసులో రోజూ పొద్దున ఒక మీటింగు ఉంటుంది. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో ఒక్కొక్కరూ ఒక్క మాటలో చెప్పాలి. పని ఎక్కడో ఆగిపోయి ఉన్నా, అంతా సరిగ్గా నడుస్తోందనే చెప్తాం. ఆగిందని చెప్తే ఎందుకని అడుగుతారు, ఎందుకని చెప్తే మరో మీటింగు పెడతారు. ఆ గొంతు నాకు ఏళ్ళుగా అలవాటు. గేటు దగ్గర నేను మాట్లాడింది ఆ గొంతుతోనే. గొంతు వణకలేదు, కళ్ళు పక్కకు తిరగలేదు.

నా కూతురు నా పక్కనే ఉంది. నన్ను చూసిందో లేదో నాకు తెలియదు, నేను తనవైపు చూడలేదు.

"సరే పోమ్మా, ఒళ్ళు వెచ్చబెట్టుకో," అంది మేడం.

తల్లిదండ్రులకు వేసిన కుర్చీల్లో కూర్చొని ఆట చూశాను. మొదట్లోనే అర్థమైంది. తను నోరు తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం దూరం నుంచి కూడా కనపడుతోంది. పరిగెత్తేటప్పుడు మామూలుగా మడమలు నేలకు తగలకుండా తేలిపోతుంది. ఆ రోజు ప్రతి అడుగూ ఆచితూచి వేస్తోంది, నీళ్ళ బిందె మోస్తున్నట్టు తల కదలనివ్వకుండా పరిగెత్తుతోంది. స్తంభం దగ్గరికి వచ్చి, ఒళ్ళు విసరాల్సిన చోట ఆగి, వెనుదిరిగి, మరొకరికి ఖో ఇచ్చేసింది. రెండుసార్లు అలాగే చేసింది. పారిపోయే పిల్ల చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉండగా వదిలేసింది.

మేడం విజిలు ఊది ఆట ఆపింది.

"ఏమ్మే, పెండ్లికి వచ్చినావా, ఆటకు వచ్చినావా? బట్టలు మాసిపోతాయనా? దూకమంటే సుమ్నే, ఊరికే నిలబడుకోనుండావు. కష్టపడేది చేతకాకపోతే చెప్పు, ఆ కూర్చోనుండే పిల్లల్లో ఎవరినైనా లేపుతా. ఇంత సోమరితనం నీలో ఎప్పుడూ చూడలేదు నేను."

పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నా కూతురు తల వంచుకొని నిలబడింది. ఒక్క మాట చాలు. మేడం, నిన్ననే బిగించారు అంటే చాలు. మేడం అక్కడికక్కడే పక్కన కూర్చోబెట్టేది, పైవారం పిలిచేది. తను అనలేదు. అంటే గేటు దగ్గర వాళ్ళ నాన్న చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. ఆ మాట నాకు కుర్చీలో కూర్చొని ఉండగానే అర్థమైంది. లేచి, నాలుగు అడుగులు వేసి, చేయెత్తి చెప్పేయొచ్చు. పక్కన కూర్చున్నాయన "టెన్షన్ పడుతున్నట్టుంది పాప," అన్నాడు. నేను "అవునండీ," అన్నాను.

ఆట మళ్ళీ మొదలైంది. ఈసారి తను దూకింది.

స్తంభాన్ని పట్టుకోలేదు. పరుగులోంచే నేల మీదికి పడింది. గడ్డం తగిలిన చప్పుడు నాకు వినపడిందని చెప్తే అది నా ఊహే కావచ్చు, అంత దూరం నుంచి వినపడదు. పారిపోతున్న పిల్ల మడమను మాత్రం తాకింది. అవుట్ అని అరిచారు. చప్పట్లు కొట్టారు. తను లేవడం ఆలస్యమైంది. లేచినప్పుడు చేయి నోటికి అడ్డంగా ఉంది, వేళ్ళ మధ్య నుంచి ఎర్రగా కారుతోంది.

నేను వెళ్ళేసరికి మేడం తన నోరు తెరిచి చూస్తోంది. కింది పెదవి లోపలి వైపు క్లిప్పు గుచ్చుకొని చీరుకుపోయింది. ఒక పంటి మీది క్లిప్పు ఊడి వైరుకు వేలాడుతోంది. చిగుళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఇదేందమ్మా ఇంత వాచుండాది," అంది మేడం. గొంతు మారింది. "నిజం చెప్పు. వైరు ఎప్పుడు బిగించినారు నీకు?"

నా కూతురు నోటినిండా ఉన్న రక్తాన్ని పక్కకు ఉమ్మి, నా వైపు చూడకుండా, "పోయిన వారమే మేడం," అంది.

నేను అక్కడే ఉన్నాను. మూరెడు దూరంలో. అప్పుడూ చెప్పలేదు. గేటు దగ్గర చెప్పింది తొందరలో జారిన మాట అనుకున్నా, దీనికి ఆ సాకు కూడా లేదు. ఆసుపత్రికి పోవాలి, కారు తీయాలి, అదే ముఖ్యం అన్నట్టు హడావిడి పడ్డాను. హడావిడిలో దాక్కోవడం నాకు బాగా వచ్చు.

క్లినిక్‌లో డాక్టరు పెదవికి రెండు కుట్లు వేసింది. ఊడిన క్లిప్పు తీసేసి, వైరు కొన గుచ్చుకోకుండా మైనం పెట్టింది. చివర్లో చేతులు కడుక్కుంటూ, "నిన్న నేను చెప్పినప్పుడు మీరు విన్నారనే అనుకున్నాను," అంది. విన్నానని చెప్పాను. పెదవి మానేదాకా, ఆ తర్వాత మరికొన్నాళ్ళు దూకే ఆట వద్దని చెప్పింది. అంటే జోన్ పోటీలు లేవు. ఆ మాట ఆమె పాపతోనే చెప్పింది, నాతో కాదు. పాప తల ఊపింది.

దారిలో కారులో తను కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నొప్పిగా ఉందా అని అడిగాను. లేదంది. అన్నిటికీ లేదంది. నీళ్ళు కావాలా, లేదు. పాట పెట్టనా, వద్దు. తనకు మాట్లాడడం కష్టమని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంట్లో తల్లి అడిగితే, "జారిపడ్డానమ్మా," అంది. నా భార్య నా ముఖం చూసింది. పాపకు చల్లటి మజ్జిగ ఇచ్చి గదిలోకి పంపేసింది.

ఆదివారం మధ్యాహ్నం బాల్కనీలో బట్టలు తీస్తున్నాను. పాప గది కిటికీ తెరిచి ఉంది. తోటి పిల్ల ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది. కుట్ల వల్ల మాట ముద్దగా వస్తోంది. అవతలి పిల్ల ఏమడిగిందో తెలియదు. నా కూతురు అన్నది మాత్రం స్పష్టంగా విన్నాను.

"అవును, నేనే సరిగా ఆడలేదు. మేడం అన్నది కరెక్టే. బద్ధకంగా ఉండింది ఆ రోజు."

కొంచెం ఆగి, "లేదు, నొప్పేం లేదప్పుడు," అంది.

చేతిలోని చొక్కా మడతపెట్టడం మరిచిపోయి అలాగే నిలబడ్డాను. రెండేళ్ళు తెల్లవారక ముందే లేచి గ్రౌండుకు పోయిన పిల్ల, ఎండల్లో, వానల్లో మోచేతులు చెక్కుకుపోయేలా దూకిన పిల్ల, తనను తాను బద్ధకస్తురాలినని ఒప్పుకుంటోంది. అది కూడా ఒకరి కోసం. ఆ ఒకరికి పిల్ల ఫోన్ మాటలు విని తట్టుకోవడం కూడా చేతకాలేదు, లోపలికి వచ్చేశాడు.

వంటగదిలో నా భార్యకు అంతా చెప్పాను. అమావాస్య సాకు, డాక్టరు పాత వైరు పెడతాననడం, గేటు, మేడం తిట్లు, రక్తం ఉమ్మి తను చెప్పిన మాట. ఆమె పొయ్యి కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకొని, కూర్చుంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఇప్పుడేం చేస్తావు?"

"మేడంకు ఫోన్ చేసి చెప్తాను."

"ఫోన్‌లోనా?"

"ఆమెకు తెలిస్తే చాలు కదా."

"ఆమె తిట్టింది ఫోన్‌లోనా? ఊరందరి ముందర తిట్టింది. నవ్వినవాళ్ళు నవ్వినారు. నువ్వు చెవిలో చెప్పేసి వస్తే, ఆ పిల్లలకు ఇదెప్పటికీ సోమరిదే."

"పిల్లల ముందర నేను..."

"ఊ. నీకు సిగ్గు," అంది. "దానికి లేదా మరి?"

పాప గదికి వెళ్ళాను. పడుకొని పైకప్పు చూస్తోంది. మంచం చివర కూర్చొని, నేను చేసింది నాకు తెలుసన్నాను. నేను చెప్పిన అబద్ధం నువ్వు మోయకూడదన్నాను. క్షమించమన్నాను. తను పెదవి కదపకుండా మాట్లాడడం నేర్చుకుంది.

"వదిలేయ్ నాన్నా. అయిపోయింది కదా. ఇప్పుడు చెప్తే నీ పరువే పోతుంది."

"పోనీ."

"నాకు కూడా బాగుండదు. మా నాన్న అబద్ధాలు చెప్తాడంటారు."

నిజమే కదా. నేను ఏం చేసినా తనకు ఏదో ఒకటి నష్టమే, ఆ నష్టం తెచ్చింది నేనే. చివరికి, నాన్న అబద్ధం చెప్పాడని అంటే అది నా గురించి, నువ్వు సోమరివి అంటే అది నీ గురించి, నా గురించి అననీ అన్నాను. తను సరేననలేదు. వద్దని కూడా అనలేదు. గోడవైపు తిరిగింది.

సోమవారం పొద్దున ఆఫీసుకు రావడం ఆలస్యమవుతుందని మేనేజరుకు రాశాను. ఎందుకని అడిగితే, కూతురి స్కూల్లో పని ఉందన్నాను. అంతే, ఏ సాకూ కలపలేదు. డాక్టరు తనకు ఆట వద్దన్నా, ప్రాక్టీసుకు వచ్చి పక్కన కూర్చోవాలని మేడం నియమం. ఇద్దరం వెళ్ళాం. దారిలో తను ఒక్కటే మాట అడిగింది, "ఎక్కువ మాట్లాడవు కదా?" అని.

పిల్లలు వరుసగా నిలబడి చేతులు తిప్పుతున్నారు. మేడం నన్ను చూసి ఎదురొచ్చింది. "పాపకు ఎట్లుండాది సార్? కుట్లు పడినాయంటనే," అంది. మీతో ఒక మాట చెప్పాలి, పిల్లలందరి ముందర చెప్పాలి అన్నాను. ఆమె విజిలు ఊది అందరినీ దగ్గరికి పిలిచింది. నా కూతురు వరుస చివర, కొంచెం దూరంగా నిలబడింది.

నేను ఆఫీసులో వందమంది ముందు మాట్లాడినవాణ్ణి. ఆ గ్రౌండులో ఇరవైమంది ఆడపిల్లల ముందు నా నోరు ఎండిపోయింది. వైరు బిగించింది పోయిన వారం కాదని, శుక్రవారం సాయంత్రమని చెప్పాను. డాక్టరు వచ్చే వారం రమ్మన్నా నేనే బిగించమన్నానని, ఆ పొద్దున మేడంకు చెప్దామని తను అడిగిందని, నేనే వినలేదని చెప్పాను. గేటు దగ్గర మేడంతో అబద్ధం చెప్పింది నేనని చెప్పాను. శనివారం తను ఆడింది ఆ నొప్పితో అని చెప్పాను. అంతకన్నా ఎక్కువ మాట్లాడలేదు.

మేడం ముఖం ఎర్రబడింది.

"గ్రూపులో రాసింది చదివినారా సార్ మీరు?"

"చదివాను."

"చదివి కూడానా?"

"అవును మేడం."

"మీరు నిజం చెప్పింటే ఈ వారం దాన్ని నేను చూసేదాన్ని. తీసుకొనేదాన్ని. ఇప్పుడొచ్చి చెప్తే ఆ పెదవి పెట్టుకోని దాంతో ఎట్లా దూకించేది? నేనేం చేయాలప్పా?"

"మిమ్మల్ని ఏమీ చేయమని అడగడానికి రాలేదు మేడం."

ఆమె నా నుంచి ముఖం తిప్పుకొని నా కూతురి వైపు చూసింది. "నేను అన్న మాట తప్పు. సోమరి అన్నాను నిన్ను. ఈ పిల్లలందరూ వినినారు కాబట్టి ఇప్పుడు కూడా విననీ," అంది. నా కూతురు తల ఊపింది. సంతోషం ఏమీ కనపడలేదు ముఖంలో. ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు నిలబడింది.

అప్పుడు ముందు వరుసలో ఉన్న ఒక పొట్టి పిల్ల నన్ను అడిగింది. "మరి తనెందుకు చెప్పలేదంకుల్? మేడం తిట్టినప్పుడు చెప్పొచ్చు కదా."

మేడం ఆ పిల్లను కసురుకోబోయింది. నేను పరవాలేదన్నాను.

"చెప్తే నేను అబద్ధం చెప్పానని మీ అందరికీ తెలిసిపోతుంది. అందుకని తిట్లు తిన్నది," అన్నాను.

ఆ పిల్ల వెనక్కి తిరిగి నా కూతురిని చూసింది. మిగతావాళ్ళు కూడా చూశారు. మేడం విజిలు ఊదింది, వరుసలు మళ్ళీ ఏర్పడ్డాయి. నా కూతురు గ్రౌండు అంచున ఉన్న మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది, నేను బయటికి నడిచి, ఆఫీసుకు బయలుదేరే ముందు, కారులో కూర్చొని మా అమ్మకు ఫోన్ చేశాను. ఆ తేదీ మార్చింది నీ మాట వల్ల కాదని, నా బద్ధకం వల్లేనని, పాపకు అలా చెప్పి నీ పేరు వాడుకున్నానని చెప్పాను.